గ్రౌండులో ఉండిపోయిన గొంతు

పొద్దున్నే లేవగానే అతను చేసే మొదటి పని మోకాళ్ళని పలకరించడం. మంచం అంచున కూర్చుని ఒక్కోదాన్నీ మెల్లగా వంచి చూసుకునేవాడు. కుడిది చెప్పిన మాట వినేది. ఎడమది మొదట్నుంచీ మొండిది, ఇప్పుడు దానికి వయసు కూడా తోడైంది. బకెట్లో ఐసుముక్కలు వేసి, అందులో కాళ్ళు పెట్టి, పేపరు చదవడం అక్కడే కానిచ్చేవాడు. తర్వాత మోకాళ్ళకి పట్టీలు బిగించి, గోడ పట్టుకుని మెట్లు దిగేవాడు. కింద సెలూన్. పై గది అద్దెకిచ్చింది ఆ సెలూనాయనే.

"ఏం అన్నా, ఎలా ఉన్నాయి ఇవాళ?" అని అడిగేవాడు ఆయన కత్తెర ఆపకుండా.

అతను బొటనవేలు పైకో కిందికో చూపించి ప్రాక్టీసుకి వెళ్ళిపోయేవాడు. నోరు విప్పేవాడు కాదు. అది గర్వమూ కాదు, కోపమూ కాదు. అతని గొంతు పాత క్లబ్బు గ్రౌండులో ఉండిపోయింది, అంతే.

ఫుట్‌బాల్ ఆడేవాళ్ళంతా అతన్ని మైకు అనేవారు. డిఫెండరు పని సగం కాళ్ళతో, సగం నోటితో. వెనక నిలబడినవాడికి ఆటంతా కనిపిస్తుంది, ముందున్నవాళ్ళకి బంతి ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి వీడు అరుస్తూనే ఉండాలి. వెనక మనిషున్నాడు, ఎడమకి జరుగు, దాన్ని వదిలెయ్, కీపరు తీసుకుంటాడు. మైకు ఎంత ధీమాగా అరిచేవాడంటే, అవతలి జట్టువాళ్ళు కూడా ఒక్కోసారి పొరపాటున అతను చెప్పినట్టే జరిగేవాళ్ళు. పాతికేళ్ళ కుర్రాడిగా ఆ క్లబ్బులో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే అరిచాడు.

కాంట్రాక్టు అయిపోయిన రోజు సెక్రటరీ ఒక పూలగుత్తి చేతిలో పెట్టి, భుజం తట్టి, ఇక కాళ్ళు అయిపోయాయి మైకూ అన్నాడు. లాకరు ఖాళీ చేసుకుని, చివరిసారిగా గడ్డి మీద కాసేపు నిలబడి బయటికొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వెళ్ళొస్తానని చెప్పబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మర్నాడు డాక్టరు టార్చి వేసి చూశాడు. "గొంతు శుభ్రంగానే ఉందండీ. అందులో ఉండాల్సిందే లేదు. ఎక్కడైనా మర్చిపోయారేమో గుర్తు తెచ్చుకోండి" అన్నాడు, గొడుగు గురించి చెప్పినట్టు.

ఎక్కడ మర్చిపోయాడో కొత్త సీజను మొదటి శనివారమే తెలిసింది. పాత క్లబ్బు మ్యాచిలో బంతి కదలగానే, వాళ్ళ డిఫెన్సు మధ్యలోంచి, మనిషి లేకుండా, మైకు గొంతు లేచింది. "లైను చూసుకోండి. కుడిపక్క ఎవడూ లేడు, చూడు, చూడు." ఎర్రచొక్కాలు వేసుకునే ఆ జట్టువాళ్ళు అలవాటు కొద్దీ జరిగారు. వాళ్ళ మీద ఒక్క గోలూ పడలేదు. రిఫరీ రూల్సు తిరగేసి, గ్రౌండులో మిగిలింది గ్రౌండుదే అని తేల్చేశాడు. సెక్రటరీకి కాలు ఒకచోట నిలవలేదు. జీతం అడగని డిఫెండరు ఎవరికి చేదు?

పోనీ వెళ్ళి తెచ్చుకుందామా అంటే, ఆట నడుస్తున్నంతసేపే ఆ గొంతు లేచేది, విజిల్ పడగానే గడ్డిలోకి దిగిపోయేది. ఆట మధ్యలో గీత దాటి లోపలికి వెళ్ళాలంటే ఆ మ్యాచిలో ఆడుతూ ఉండాలి. అతను చేరిన కొత్త క్లబ్బు అక్కడికి ఆడటానికి వెళ్ళేది సీజను చివరి మ్యాచికి. అందాకా ఆగక తప్పదు.

కొత్త క్లబ్బు చిన్నది. ఏటా కింది డివిజనుకి జారిపోయే గండం దానికి ఉండనే ఉంది. కుర్రాళ్ళని అరిచి నడిపిస్తాడనే ఈ ఒక్క సీజనుకి అతన్ని తెచ్చుకున్నారు. మొదటిరోజు ప్రాక్టీసులో సంగతి తెలిసి కోచ్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బాగుంది. మైకు కొనుక్కొస్తే స్టాండు వచ్చింది" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. మైకు కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా.

అరవలేని డిఫెండరు ఏం చేస్తాడు? చెయ్యెత్తుతాడు. చొక్కా పట్టి లాగుతాడు. వీపు మీద తడతాడు. మొదట్లో ఎవరూ చూసేవాళ్ళు కాదు, గోల్సు పడుతూ ఉండేవి. పక్కన ఆడే పొడుగాటి డిఫెండరు, అందరూ నిచ్చెన అని పిలిచే కుర్రాడు, మరీ పెంకివాడు. రానురాను వాళ్ళకే తెలిసొచ్చింది. ఈయన చెప్పేది వినపడదు కాబట్టి చూడాలి. బంతి ఎటున్నా సరే, మధ్యమధ్య తల తిప్పి ఈయన చెయ్యి ఎటుందో చూసుకోవాలి. "అన్నా, నిన్ను చూసీ చూసీ మెడ పట్టేసింది. మా ఆవిడ వంక కూడా ఇన్నిసార్లు చూడను" అన్నాడు గోల్‌కీపరు ఒకరోజు. మైకు ఆ మాటకి నవ్వలేదు.

అతని భార్య పాత ఊళ్ళోనే ఉంది. పాత గ్రౌండు తూర్పు గోడ వెనక వీధిలో, రెండో అంతస్తులో ఇల్లు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమెది ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. భయపడుతూ వచ్చినవాళ్ళని మాటల్లో పెట్టి, ఇంకా సూది ఎప్పుడు గుచ్చుతారని వాళ్ళు అడిగేలోపు దూది పెట్టేసేది. అంత మాటకారికి ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేడు. మ్యాచి అయి ఇంటికొచ్చేసరికి మైకు గొంతు పూర్తిగా అరిగిపోయి ఉండేది. ఆమె ఉప్పునీళ్ళు కాచి ఇచ్చేది. పుక్కిలించి, తలూపి, పడుకునేవాడు. గొంతు తేరుకునేసరికి మళ్ళీ ప్రాక్టీసు. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె మొగుడి మాట సరిగ్గా విన్నది వంటింటి కిటికీలోంచే. శనివారం మధ్యాహ్నం ఆ కిటికీ తెరిచి, గోడ అవతలి నుంచి వచ్చే అరుపులు వింటూ పని చేసుకునేది.

ఊరు వదిలే ముందు సాయంత్రం, అంటే గొంతు పోయిన రోజు సాయంత్రమే, ఆమె అటు తిరిగి అతని బట్టలు పెట్టెలో సర్దుతూ అడిగింది. "నేనూ సెలవు పెట్టి వచ్చెయ్యనా? ఒక్క ఏడాదేగా."

రా అనడానికి అతని ప్రాణం కొట్టుకుపోయింది. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆమె చేతిలో చొక్కా మడతపెట్టడం పూర్తిచేసి, "సరే లెండి, అర్థమైంది" అంది. అది కొత్త మౌనమని ఆమెకేం తెలుసు? రోజూ ఉండే పాతదే అనుకుంది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఇటు తిప్పుకుని ఉండాల్సింది. గ్రౌండులో పడిపోతున్నవాళ్ళని పట్టి నిలబెట్టిన చేతులు ఆ పూట లేవలేదు. దానికి గొంతు మీద నేరం మోపి లాభం లేదు.

సంగతి తెలిశాక ఆమే ఫోన్ చేసింది. "గొంతు పోయిందటగా. బాధేసింది. కానీ ఉన్నప్పుడు మాత్రం నాకేం చెప్పారు మీరు?" అంది. మెసేజులు పెడితే ఒప్పుకోలేదు. "రోజంతా రిపోర్టులు చదువుతూనే ఉంటాను. మీ దగ్గర్నుంచి కూడా చదువుకోవడమేనా? నాకు మాట కావాలి."

అప్పట్నుంచి శనివారం సాయంత్రాలు ఆమె ఫోన్లో మాట్లాడేది. అతను ఉంగరంతో ఫోన్ మీద కొట్టేవాడు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు.

"ఇవాళ వానలో బాగా తడిసినట్టున్నారు. రెండో సగంలో ఒకటే దగ్గు. ఉప్పునీళ్ళు కాచి ఇద్దామంటే మనిషేరీ?" అనేది. దానికి ఎన్నిసార్లు కొట్టాలో అతనికి తెలిసేది కాదు.

కొత్త క్లబ్బు మ్యాచులు ఎక్కువగా ఆదివారాలు ఉండేవి. కాబట్టి శనివారం మధ్యాహ్నం గడ్డం గీయించుకోవడానికి కిందికి దిగేవాడు. సెలూన్లో రేడియో మోగుతూ ఉండేది. పాత క్లబ్బు మ్యాచి వస్తుంటే, వ్యాఖ్యాత మాటల వెనక నుంచి అతని గొంతు వినపడేది. సెలూనాయన కత్తి గాల్లో ఆపి చెవి ఒగ్గేవాడు. "ఇవాళ కాస్త బొంగురుగా ఉంది అన్నా. అక్కడ చలి మొదలైనట్టుంది."

మైకు మొహం నిండా నురగతో, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ గొంతు వెనకే ఆ వీధి, రెండో అంతస్తు, తెరిచిన కిటికీ. ఆమె కూడా ఈ నిమిషంలో ఇదే వింటూ ఉంటుంది. అక్కడ ఉండాలని మనసు ఎంత పీకేదో చెప్పలేం. దాంతోపాటు సిగ్గూ వేసేది. ఎన్ని శనివారాలు విన్నా ఆ గొంతులో అన్నీ పరాయివాళ్ళకి చెప్పిన మాటలే. పక్కవాడికి, కీపరుకి, ఆఖరికి రిఫరీకి. ఆమెకి చెప్పాల్సింది ఒక్కటీ లేదు. ఆ గొంతు తిరిగొస్తే మొదటిమాట ఆమెకే అని సెలూను కుర్చీలో కూర్చుని నిశ్చయించుకున్నాడు.

చివరి మ్యాచి శనివారమే పడింది. ఓడిపోకపోతే చాలు, కొత్త క్లబ్బు డివిజనులో మిగులుతుంది. ఎడమ మోకాలు వాచి ఉంది. అయినా కోచ్ అతన్నే దింపాడు. "నీ గొంతు వాళ్ళకి, నీ కాళ్ళు మాకు. ఏం చేస్తాం, పంపకం అలా జరిగింది" అన్నాడు. ఆ తర్వాత వేలు చూపించి మరీ చెప్పాడు. "కార్నర్లకి మాత్రం పైకి, వాళ్ళ గోలు దగ్గరికి, వెళ్ళకు. నువ్వు తిరిగొచ్చేసరికి సీజను అయిపోతుంది."

గ్రౌండులోకి దిగగానే మైకు తూర్పు గోడ వైపు చూశాడు. గోడ మీదుగా వంటింటి కిటికీ కనిపించింది. తెరిచే ఉంది.

బంతి కదిలింది, అవతలి చివర గొంతు లేచింది. ఎదురింట్లో ఎవరో తన చొక్కా వేసుకుని తిరుగుతున్నట్టు అనిపించింది అతనికి. దాని మాట వింటూ ఎర్రచొక్కాలవాళ్ళు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఇవతల మైకు చేతులు ఊపుతూ, కుంటుతూ, అడ్డం పడుతూ తన పక్క కాసుకొచ్చాడు. ఇటూ గోల్ లేదు, అటూ లేదు. ఆట అయిపోవస్తుండగా కొత్త క్లబ్బుకి అవతలి గోలు పక్క మూల నుంచి బంతి కొట్టే కార్నర్ ఒకటి దొరికింది.

ఆ గొంతు ఉండేది అక్కడ, ఎర్రచొక్కాల గుంపు మధ్యలో. ఇప్పుడు వెళ్ళకపోతే ఇక జన్మలో వెళ్ళేది లేదు. మైకు కోచ్ వైపు చూశాడు. కోచ్ కూడా అతని వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత వీపు తిప్పి, చేతిలోనే ఉన్న నీళ్ళ సీసా కోసం బెంచీ కింద వెతకడం మొదలుపెట్టాడు.

మైకు పైకి వెళ్ళాడు.

"మైకుని పట్టుకోండి" అని అరిచింది గొంతు. "మొదటి స్తంభం దగ్గరికే వస్తాడు, ఎప్పుడూ అంతే." నిజమే, ఆడినన్నాళ్ళూ అలాగే వెళ్ళాడు. ఎర్రచొక్కాలు అటు పరిగెత్తాయి. ఈసారి అతను అటు పోలేదు. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తిన్నగా అక్కడికి నడిచి, నిలబడి, నోరు తెరిచాడు. తర్వాతి మాట కోసం అది ఊపిరి తీసుకోబోయి, తన చోటు గుర్తుపట్టి లోపలికొచ్చేసింది. వేడి టీ మొదటి గుక్కలా గొంతు వెచ్చబడింది.

గ్రౌండు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఎర్రచొక్కాలవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బంతి వచ్చింది. వాళ్ళ కీపరు ఎలాగో పిడికిలితో గుద్దాడు. అది ఎగిరి మధ్య గీత దగ్గర వాళ్ళ ఫార్వర్డు కాళ్ళ ముందు పడింది.

మైకు వెనక్కి పరిగెత్తాడు. పరిగెత్తాడనడం మర్యాద కోసమే. ముందు నిచ్చెన ఒక్కడే ఉన్నాడు, బంతి ఉన్నవాడి మీదే కళ్ళు పెట్టుకుని. ఎడమపక్క ఇంకొకడు ఖాళీగా దూసుకొస్తున్నాడు. ఎడమ అని ఒక్క అరుపు అరిస్తే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది.

కానీ అతనికి తన గొంతు సంగతి తెలుసు. ఒక్కటి బయటపడితే ఆగదు, విజిల్ పడేదాకా అరుస్తూనే ఉంటాడు. తర్వాత ఇంటికి వెళ్తాడు. ఉప్పునీళ్ళు, తలూపడం, పడుకోవడం. మైకు పళ్ళు బిగించి, ఎడమ చెయ్యి ఎంత ఎత్తగలడో అంత ఎత్తాడు. ఏడాది శ్రమంతా, కొత్త క్లబ్బువాళ్ళ బతుకంతా ఆ చెయ్యి మీద పెట్టాడు. నిచ్చెన చూస్తాడా?

నిచ్చెన తల తిప్పి చూశాడు. ఏడాదంతా చూసినట్టే చూశాడు. ఎడమకి అడుగు వేసేసరికి బంతి అతని పిక్కకి తగిలి, గాల్లోకి లేచి, తూర్పు గోడ దాటి వీధిలో పడింది. విజిల్ పడింది.

జట్టంతా మీద పడి వాటేసుకుంది. గొంతు వచ్చేసిందని ఎర్రచొక్కాలవాళ్ళ మొహాలు చూస్తేనే తెలిసిపోయింది. "అన్నా, ఏదో ఒకటి అను అన్నా" అని గోల్‌కీపరు బతిమాలాడు. మైకు పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు. సెక్రటరీ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి గొంతు వెనక్కి ఇప్పించమని గొడవపెట్టుకున్నాడు. గ్రౌండులో మిగిలింది గ్రౌండుదేనండీ, కానీ ఏమీ మిగల్లేదు అన్నాడు రిఫరీ.

అతను బురద బట్టలతోనే గేటు దాటాడు. వాచ్‌మన్ పలకరిస్తే చెయ్యి గట్టిగా నొక్కి వచ్చేశాడు. బూట్లు టకటకలాడించుకుంటూ, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని రెండంతస్తులు ఎక్కాడు. ఎడమ మోకాలు మెట్టుమెట్టుకీ తిట్టింది. తలుపు తీసే ఉంది.

ఆమె అటు తిరిగి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అడుగుల చప్పుడు గుర్తుపట్టి కూడా వెనక్కి తిరగలేదు. "అరుస్తున్నవారు మధ్యలో ఆగిపోయారు. ఏమైందోనని కాళ్ళూచేతులూ ఆడలేదు నాకు" అంది. గిన్నెలోకి తొంగిచూసింది. "ఉప్పునీళ్ళు పెట్టాను. కాగుతున్నాయి, ఉండండి."

అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా ఇటు తిప్పుకున్నాడు.

"వద్దు" అన్నాడు. "ఇవాళ అసలు వాడలేదు."

 ఆమె పొయ్యి కట్టేసింది. వెళ్ళి కిటికీ మూసేసి వచ్చి, కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, చెప్పండి" అంది.