దెబ్బకు ముందు మాట

చైనా భాషలో ఉమారాణికి మొట్టమొదట అర్థమైన మాట "గ్వెయ్ ష్యా". ఆ మాట విని ఏం చెయ్యాలో తెలియక ఆమె నిలబడే ఉంది. కాపలావాడి చేతిలోని, షాకు కొట్టే కరెంటు కర్ర వీపుకు తగిలింది. కింద పడి, మోకాళ్ల మీద లేచేసరికి కొట్టడం ఆగింది. మోకాళ్ల మీద కూర్చోమన్నారని అప్పుడు తెలిసింది.

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేసే చంద్రయ్య కూతురు ఆమె. డిగ్రీ అయ్యాక కంబోడియాలో కంప్యూటర్ ఉద్యోగం ఉందని చెప్పి ఒక ఏజెంటు పంపించాడు. విమానం దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, ముళ్లకంచె వేసిన ఎత్తు గోడల నడుమ ఒక భవనంలో పడేశారు. ఆడపేరుతో, మగపేరుతో ఫోన్లో ప్రేమగా మాట్లాడి, మనదేశం వాళ్లను నమ్మించి దోచుకోవడం అక్కడి పని. ఆ రోజు ఎవరూ మోసపోకపోతే సాయంత్రం దెబ్బలు. నల్గొండ అబ్బాయి ఒకడికి చెంప మీద కొట్టిన దెబ్బకు చెవిలోంచి రక్తం కారి, ఆ చెవి మళ్లీ వినబడలేదు.

ఉమారాణి పక్క మంచం షావ్ వెన్ అనే చైనా అమ్మాయిది. ఆమెను కూడా ఇలాగే మోసం చేసి తెచ్చారు. బట్టలు ఉతికే చోట ఇద్దరూ ఒకరి మాటలు ఒకరికి నేర్పుకునేవారు. ఉమారాణి నీళ్లను చూపిస్తే షావ్ వెన్ తన భాషలో పేరు చెప్పేది. షావ్ వెన్ పళ్లెం చూపిస్తే ఉమారాణి "బువ్వ" అనేది. మాట్లాడుకుంటున్నారని ఒకనాడు కాపలావాడు షావ్ వెన్‌ను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. మర్నాడు ఆమె వాచి మూసుకుపోయిన కన్నుతో వచ్చింది. ఆ కన్నునే వేలితో చూపించి, "యెన్ జింగ్" అంది. కన్ను. ఆ మాట పలికేటప్పుడు ఉమారాణికి ఏడుపు ఆగలేదు. షావ్ వెన్ మాత్రం సరిగ్గా పలికేదాకా వదల్లేదు.

నెలలు గడిచేకొద్దీ కాపలావాళ్ల మాటలు ఆమెకు తెలియసాగాయి. ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఎవరిని కొట్టడానికి పిలవబోతున్నారో దెబ్బ పడకముందే తెలిసేది. పిలవబోయేవాళ్లకు సైగ చేసేది. కొట్టడం ఆగలేదు గానీ, కొందరైనా తలకు చేతులు అడ్డం పెట్టుకోగలిగారు.

ఒక పొద్దున ఇద్దరు కాపలావాళ్లు మెట్ల మీద సిగరెట్లు కాలుస్తూ మాట్లాడుకుంటుంటే విన్నది. ఆ పూట పోలీసులు వస్తున్నారు, అంతకుముందే ఇండియా వాళ్లను వెనక గేటునుంచి వ్యాన్లలో తరలించాలి. ఆమె గబగబా మనవాళ్లందరికీ చెప్పింది. వ్యాను దగ్గరికి తీసుకెళ్లగానే అందరూ నేల మీద పడుకుని ఒకరి నడుములు ఒకరు పట్టుకున్నారు. కాపలావాళ్లు ఇనుప గొట్టాలతో బాదారు. ఉమారాణి ఎడమచెయ్యి మోచేతి కింద విరిగింది. పక్కనున్న మనిషి పళ్లు ఊడి ఆమె మెడ మీద పడ్డాయి. ఎవరూ చేతులు వదల్లేదు. ముందు గేటు తెరుచుకుని పోలీసులు లోపలికి వచ్చేదాకా వాళ్లు బాదుతూనే ఉన్నారు.

అలా ఆమె సిరిసిల్ల చేరింది. పంపిన ఏజెంటు అప్పటికే పరారీ. చెయ్యి అతుక్కున్నాక కుట్టుపనికి పోసాగింది. ఊళ్లో ఎవరైనా ఆ సంగతి అడిగితే తల వంచుకుని మిషను తొక్కేది.

ఏడాది తిరక్కముందే చిన్నాయిన కొడుకు తిరుపతి వచ్చి, "అక్కా, నాకు థాయ్‌లాండ్ల జాబ్ దొరికేటట్టున్నది. జగిత్యాలల ఇంటర్వ్యూ" అన్నాడు.

ఉమారాణి చేతిలోని కత్తెర కింద పెట్టింది. "నా చెయ్యి చూసి కూడ పోతనంటున్నవా?"

"నిన్ను పంపినోడు దొంగ. గీయన కోరుట్ల శ్రీకాంత్ సార్. దామోదర్ రావు దొర కొడుకు. పెద్దింటోళ్లు గసొంటి పని చేస్తరా?"

"నేను గూడ అస్త" అంది ఉమారాణి.

జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర ఒక హోటల్ మేడమీది హాల్లో ఇంటర్వ్యూ. పిల్లలు హాలునిండా ఉన్నారు, ధర్మపురి, ముస్తాబాద్, కోరుట్ల నుంచి వచ్చినవాళ్లు. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో ఫైళ్లు. శ్రీకాంత్ మైకు పట్టుకుని నవ్వుతూ తిరుగుతున్నాడు. గోడకున్న పెద్ద టీవీలో కోటు వేసుకున్న ఒకామె ఇంగ్లీషులో ప్రశ్నలు అడుగుతోంది. ఆమె వెనక, కెమెరాకు కనబడని ఒక మగగొంతు మధ్యమధ్య చైనా భాషలో ఏదో అంటోంది.

తిరుపతి లేచి తన పేరు, చదువు చెప్పాడు. ఆ గొంతు అన్నది ఉమారాణికి స్పష్టంగా వినిపించింది. వీడి మెడ గట్టిగా ఉంది, దెబ్బలకు ఆగుతాడు, తీసుకో. తర్వాత ధర్మపురి నుంచి వచ్చిన అమ్మాయి లేచింది. ఇది నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత పై అంతస్తులో ఒళ్లమ్మించేవాళ్లకు అమ్మేద్దాం, అన్నది గొంతు. కోటు వేసుకున్నామె ఆ అమ్మాయిని చూసి, "వెరీ గుడ్" అంది.

ఉమారాణి లేచి నిలబడింది. "ఆయన ఏమన్నడో మీకెవరికన్న తెలిసిందా? గీ పిల్లను అమ్ముదమంటుండు. మా తమ్ముడు దెబ్బలకు ఆగుతడంటుండు."

హాల్లో గుసగుసలు లేచాయి. శ్రీకాంత్ మొహంలో నవ్వు పోలేదు. "ఎవరే నువ్వు? చైనా పోయి చదువుకచ్చినవా?"

"నేను చెప్పేది అబద్ధమైతే గాయన్నే అడుగుదాం."

ఎవరూ ఆపేలోపే ఆమె టీవీకి కలిపిన ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, దానిలోకి చైనా భాషలో చెప్పింది. "నీ మాటలన్నీ వీళ్లకు చెప్తున్నాను. ఇక్కడినుంచి ఎవరూ రారు."

టీవీలో కోటు వేసుకున్నామె నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఎవరో ఆమె కుర్చీని పక్కకు లాగేశారు. బోడిగుండు మనిషి మొహం టీవీనిండా వచ్చింది. అరుస్తున్నాడు. ఉమారాణి తెలుగులో చెప్పసాగింది. "'ఏ బిల్డింగుల నుంచి ఉరికినవే' అంటుండు. 'నీ ఊరికి మనుషులను పంపుత' అంటుండు..."

ఆ మనిషి వేలు చూపించి అన్నాడు. "గ్వెయ్ ష్యా!"

ఉమారాణి మోకాళ్లు వాటంతటవే వంగిపోయాయి. అంతమంది ముందు ఆమె నేల మీద కూలబడింది. చేతులు తల మీదికి వెళ్లిపోయాయి. సిగ్గుతో, భయంతో ఆమె ఒళ్లంతా వణుకుతోంది. అయినా నేల మీదినుంచే చెప్పింది.

"'మోకాళ్ల మీద కూసో' అన్నడు. అక్కడ గీ మాట ఎనకనే దెబ్బ పడతది."

అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా ఆమె వణుకు చూసి నమ్మారు. ధర్మపురి అమ్మాయి ఏడుస్తూ తలుపువైపు పరుగెత్తింది. శ్రీకాంత్ మనుషులిద్దరు తలుపుకు అడ్డం నిలబడి ఆమెను వెనక్కి తోశారు. శ్రీకాంత్ వచ్చి బూటుకాలితో ఉమారాణి మొహం మీద తన్నాడు. దవడ దగ్గర ఏదో పటుక్కుమంది. రెండోసారి కాలెత్తేలోపు తిరుపతి కుర్చీ ఎత్తి అతని తల మీద కొట్టాడు.

ఇక ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. ఫైళ్లు చెల్లాచెదురయ్యాయి. తలుపు దగ్గరి మనుషుల్లో ఒకడు మెట్లమీదినుంచి దొర్లిపోయాడు. తిరుపతి చెయ్యి కిటికీ అద్దానికి తగిలి మణికట్టు నుంచి రక్తం చిమ్మింది. పదిమంది శ్రీకాంత్‌ను మూలకు నెట్టి మైకు స్టాండుతో, కాళ్లతో కుమ్ముతున్నారు. అతని చెవి చిరిగి వేలాడుతోంది. ముందు అరిచాడు. తర్వాత అరవడం మానేశాడు. మనిషిని కొడుతుంటే మెత్తగా వచ్చే ఆ చప్పుడు ఉమారాణికి బాగా తెలుసు. కొన్ని క్షణాలు ఆమెకది హాయిగా అనిపించింది. ఇంకా కొట్టనీ అనుకుంది.

తర్వాత పాకుతూ వెళ్లి అతని మీద అడ్డం పడింది. ఒక దెబ్బ ఆమె భుజానికి తగిలింది.

"సంపకుర్రి! వీడు సస్తే ఇంతకుముందు పంపినోళ్ల జాడ ఎవరు చెప్తరు?"

మాట దవడ నొప్పిలో నలిగి వచ్చింది గానీ వాళ్లకు అర్థమైంది. పోలీసులు వచ్చేసరికి శ్రీకాంత్ ఊపిరితో ఉన్నాడు.

ఆస్పత్రిలో ఉమారాణి దవడకు తీగలు కట్టారు. తల్లి సత్యవ్వ గిన్నెలో జావ పట్టుకుని గొట్టంతో తాగించేది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఇంటికొచ్చి, నీ బిడ్డ మా పోరగాండ్ల నౌకరి చెడగొట్టిందని చంద్రయ్యతో తగువు పెట్టుకున్నారు. చంద్రయ్య కూతురి విరిగిన చేతి ఫోటో, దవడ ఎక్స్‌రే తెచ్చి వాళ్ల ముందు పెట్టి, షెడ్డుకు వెళ్లిపోయాడు.

తీగలు తీసినాక కోనరావుపేట నుంచి సారక్క అనే రైతు మహిళ వచ్చింది. ఆమె కొడుకు సాయితేజ శ్రీకాంత్ పంపినవాళ్లలో ఒకడు. వాడు పంపిన వాయిస్ మెసేజ్ ఆమె ఫోన్లో ఉంది.

"బాగనే ఉన్ననవ్వా అంటుండు బిడ్డా. కాని ఎనకాల ఎవరో ఏదో అంటున్నరు. గదేందో చెప్పు."

ఉమారాణి ఫోను చెవికి ఆనించుకుంది. సాయితేజ మాటల వెనక రెండు గొంతులు. ఒకడు తొందరగా ముగించమని గదమాయిస్తున్నాడు. ఇంకొకడు, వీడి కాలు పనికిరాదు, నది అవతలి బిల్డింగుకు తోసేద్దాం, రేవు దగ్గర పడవ ఉంది, అంటున్నాడు. రేవు పేరు కూడా అన్నాడు. మెసేజ్ అయిపోయింది. సారక్క ఆమె మొహంలోకే చూస్తోంది. అబద్ధం చెప్పాలని ఉమారాణికి ఒక్క క్షణం అనిపించింది.

"కాలు ఇరగ్గొట్టిర్రు పెద్దమ్మా. వేరేకాడికి తీస్కవోతున్నరు. ఏడికో గూడ అన్నరు."

సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కొంగు తీసి, "మల్ల పెట్టు. ఒక్క మాట గూడ ఇడువకు. అంత చెప్పు" అంది.

ఇద్దరూ కలిసి పోలీసుల దగ్గరికి వెళ్లి, ప్రతి మాటా చెప్పారు. ఆ రేవు పేరు పట్టుకుని వెతికితే నది అవతల మనవాళ్లు కొందరు దొరికారు. అందరూ దొరకలేదు.

ఇల్లు చేరిన సాయితేజ చేతికర్రతో వచ్చి ఉమారాణిని కలిశాడు. ఇచ్చిన చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, కొట్టుడుకు ముందుగాల 'క్వాయ్ ద్యెన్, క్వాయ్ ద్యెన్' అనేటోళ్లు. అంటే ఏంది?"

"తొందరగా చెయ్ అని."

సాయితేజ ఆమెవైపు నమ్మనట్టు చూశాడు. "గంతేనా? అవ్వను తిడుతున్నరనుకున్న. అందుకే మొండికి పడి చేతులు కట్టుకుని నిలవడ్డ." తన కాలువైపు చూసుకున్నాడు. "తొందరగా అంటే తొందరగనే చేద్దును గద అక్కా."