రెండువైపులా పువ్వు

"ఫోను పంపుతారా అని కాదండి. ఎప్పుడు పంపుతారని! ఆ 'ఎప్పుడు' గట్టిగా పడాలి," అంది బల్లకి అవతల కూర్చున్న సత్యనారాయణమ్మ. ఆవిడ మొగుడు కువైట్‌లో డ్రైవరు.

"గట్టిగా పడితే ఫోను తొందరగా వచ్చేస్తాదాండి?" అంటూనే సాలమోను ఆ మాటకి ముందొక నక్షత్రం, వెనకొక నక్షత్రం కొట్టాడు.

రాజోలు బస్టాండు ఎదుట నెట్ సెంటర్లో అతని పని ఇదే. ఇంటివాళ్లు చెప్పే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి గల్ఫుకి మెయిలు పంపడం. లావక్షరాలు పెడితే అక్కడి క్యాంపు కంప్యూటర్లలో పిచ్చిగీతలుగా వస్తున్నాయని, గొంతు లేచిన మాటకి అటూ ఇటూ నక్షత్రం, సాగదీసిన మాటకి అటూ ఇటూ కిందిగీత పెట్టడం మొదలెట్టాడు. చదివేవాళ్లకీ అలవాటైపోయింది.

మనిషి పొట్టి. టైపు మిషను రోజులనుంచీ వంగి వంగి వీపు కొడవలి తిరిగింది. వయసులో తనూ మస్కట్టుకని పాస్‌పోర్టు తీయించుకున్నాడు. ఊపిరితిత్తి మీద మచ్చ ఉందని డాక్టర్లు వెనక్కి పంపేశారు. మచ్చ పోయింది, గడువూ పోయింది. ఊరి మాటలన్నీ అతని వేళ్ల మీదుగా సముద్రం దాటుతాయి. అతను మాత్రం గోదారి దాటడమే తక్కువ.

శనివారమైతే అప్పాయమ్మ రావాలి. కొబ్బరిపీచు తాళ్లు పేనే మనిషి. తల్లి లేని తమ్ముడు ఎర్రయ్యని చంకనేసుకుని పెంచింది. అతనిప్పుడు దోహాలో ఉన్నాడు. ఆవిడ కంటికి నక్షత్రం పువ్వు. "తిన్నావా అన్నదానికి రెండేపులా పువ్వెట్టు బాబూ. పువ్వు లేపోతే ఆడికి నా గొంతు ఇనపడదు." ఒకసారి హడావిడిలో పువ్వు మరిచిపోతే మర్నాడే దోహా నుంచి జవాబు: 'అక్కకి ఒంట్లో బాలేదా? *నిజం* చెప్పండి.' అప్పాయమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

ఈ శనివారం ఎర్రయ్య భార్య సూర్యకాంతం ఒక్కతే వచ్చింది.

"మీ వదినగారు ఏరమ్మా?"

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "మంగళారం పోయేరండి. నిద్దట్లోనే."

సాలమోను కీబోర్డు పక్కకి జరిపాడు.

"ఆయనకి తెలియకూడదండి. మా మామగారు పోయినప్పుడు క్యాంపు గోడ దూకి జైల్లో పడ్డారు. పాస్‌పోర్టు అరబ్బు దగ్గరుంది, గడువయ్యేదాకా ఒదలడు. ఆయనొచ్చేదాకా వదినే చెబుతున్నట్టు రాయండి."

"పాపం కాదామ్మా?"

"ఆయ్, పాపమేనండి. నాకు మాత్రం తెలీదా? రాయండి."

వానలు పడ్డాయనీ, ఆవు ఈనిందనీ రాశాడు. చివర 'తిన్నావా' దగ్గర వేలు ఆగింది. పువ్వు పెట్టకపోతే చాలు, ఎర్రయ్యకి తెలిసిపోతుంది. తను నోరు విప్పినట్టూ కాదు. తెలిసిన మర్నాడు ఎర్రయ్య మళ్లీ గోడ దూకుతాడు.

సూర్యకాంతానికి చదువు రాదు. తెర వంకే చూస్తోంది.

"పువ్వు లేదండి," అంది.

సాలమోను ముందొకటి, వెనకొకటి కొట్టి పంపేశాడు.

"వచ్చే శనారం వస్తానండి."

"ఆయ్," అన్నాడు. ఆ శనివారం వెనకాల ఎన్ని శనివారాలున్నాయో, ఆమె మెట్లు దిగాక గాని అతనికి తట్టలేదు.

సాయంత్రం జవాబు వచ్చింది: '*తిన్నానక్కా*.'

కంప్యూటరు కట్టేసి తాళం తీసుకున్నాడు. తలుపు మూల, పోయిన శనివారం అప్పాయమ్మ మరిచిపోతే అతనే గోడకి ఆనించిన గొడుగు, పిడికి కొత్త పీచుతాడు చుట్టుకుని, అలాగే ఉంది.