నీలి చారల అతుకు

కృపావతి మిషను తొక్కుతూనే గోడ గడియారం వైపు చూసింది. రెండు దాటి పది నిమిషాలు. మళ్లీ నాలుగింటికి గానీ పై వార్డులోకి పంపరు.

అక్కడ కిటికీ పక్క మంచం మీద ఆమె భర్త సుకుమార్ ఉన్నాడు. ఊపిరితిత్తులకు నీరు పట్టి పదకొండు రోజులు. ఈ రోజు గడిస్తే గండం గట్టెక్కినట్టేనని పొద్దున డాక్టరమ్మ చెప్పింది. అందుకే ముల్లు కదిలినప్పుడల్లా ఆమెకు కాస్త ఊపిరి అందుతోంది.

ఆస్పత్రి దుప్పట్లకు అతుకులు వేయడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. చిరుగు చుట్టూ చదరంగా కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, తెల్లగుడ్డ పెట్టి రెండు వరసలు కుడుతుంది. చూపుడువేలి కొన మొద్దుబారిపోయింది, సూది గుచ్చుకున్నా తెలియదు. అందుకే కుట్టయ్యాక అతుకును చెంపకు ఆనించి చూసుకుంటుంది. పడుకునేవాళ్లకు గరుకు తగలకూడదు. అలా చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అతుకు తెల్లదే వేయాలి. ఆ నియమం నిన్న తప్పింది. బుధవారం కదా, దుప్పట్లు మార్చే రోజు. సుకుమార్ మంచానికి వచ్చిన దుప్పటికి కాళ్ల దగ్గర బెత్తెడు చిరుగు. తెల్లగుడ్డ అయిపోయింది. మిషను తుడుచుకోవడానికి తెచ్చుకున్న అతని పాత నీలి చారల చొక్కా కత్తిరించి వేసేసింది.

స్టోరు చూసే రత్నమ్మ మూతి విరిచింది. "ఏమ్మే, ఆస్పత్రి దుప్పటికి మీ ఆయన సొక్కానా? రేపు నా సీర గూడా కోసేట్టుండావే."

"ఈ ఒక్కదానికే గదక్కా."

ఈ రోజు పొద్దున ఏడింటికి పని ఎక్కేముందు పైకి వెళితే, సుకుమార్ కాలి బొటనవేలితో ఆ అతుకునే తడుముతున్నాడు. మూతి మీది మాస్కు పక్కకు లాగాడు.

"నా సొక్కా నా కాళ్ల కిందికే ఏసినావా? బాగుండాది మర్యాద."

అతుకు ఒక మూల అప్పటికే ఊడి లేచింది.

"పీకబాకప్పా. సాయంత్రం వచ్చి కుడతా."

"రా."

ఫోను మోగింది. కుప్పం నుంచి వస్తున్న కూతురు ఫ్లారెన్స్.

"అమ్మా, బస్సు పలమనేరు దాటింది. నాయన ఎట్లుండాడు?"

"బాగుండాడు. పొద్దున ఎగతాళి గూడా చేసినాడు."

"నేనొచ్చేదాకా ఉంటాడు గదా?"

"ఏం మాటలవి? ఉంటాడు."

మూడింటికి ఉతుకు షెడ్డు శంకరప్ప బండి తోసుకుంటూ వచ్చాడు. మాసిన దుప్పట్లు ఉతుకుకు పోయేముందు ఆమె గుమ్మం దగ్గర ఆగుతాయి. చిరిగినవాటికి ఆమె ఎర్రదారం ముడి వేస్తుంది. ఆదివారం, బుధవారం అయితే బండి నిండుతుంది. మిగతా రోజుల్లో వచ్చేవి ఖాళీ అయిన మంచాలవే.

"ఆరే ఉండాయమ్మా. బిన్నా సూడు, నాకు ఆలస్యమైతాంది."

మొదటిది బాగానే ఉంది. రెండోదానికి ముడి వేసింది. మూడు, నాలుగు. అయిదోదాన్ని విప్పగానే నీలి చారలు కనిపించాయి.

మూల లేచే ఉంది. వంగి అతుకును చెంపకు ఆనించింది.

"చిరిగిందామ్మా?" అన్నాడు శంకరప్ప.

"లేదప్పా. ఇది ఈడ ఉండనీ. నేనే ఉతుకుతా."

అతను మిగతావి బండిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఫోను మళ్లీ మోగింది.

"పుంగనూరులో బస్సు మారతాండానమ్మా. నాయన..."

కృపావతి గడియారం వైపు చూడలేదు.

"రామ్మా. నిదానంగా రా."

పైనుంచి మెట్ల మీద నర్సు చెప్పుల చప్పుడు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతోంది. కృపావతి సూదిలో నీలిదారం ఎక్కించింది. మళ్లీ పక్కన పెట్టేసి, కొంగు సర్దుకుని ఎదురు వెళ్లింది.

మిషను బల్ల మీద దుప్పటి ఉంది, నీలి చారల అతుకు పైకి వచ్చేలా మడిచి, లేచిన మూల లేచినట్టే.