ఆయన నంబరు

"వదినా, పెద్దది ఐదు సెంటీమీటర్లంటగా! తీయించేసుకోండి, పీడా విరగడైపోతుంది," అన్నాడు మరిది, ఆమె పట్టుకున్న ట్రేలోంచి టీ కప్పు అందుకుంటూ.

ఏది ఐదు సెంటీమీటర్లో, ఏది తీయించేసుకోవాలో ఆమెకు వెంటనే తట్టలేదు. తట్టాక ట్రే ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నిన్న తీయించుకున్న స్కానింగ్ గురించి, తన గర్భసంచిలోని గడ్డల గురించి మాట్లాడుతున్నాడు మహానుభావుడు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ. రిపోర్టు ఫోనుకే పంపుతామన్నారు స్కానింగ్ సెంటరువాళ్ళు. పంపారు, భర్త ఫోనుకు. ఆయన దాన్ని ఉన్నపళంగా కుటుంబం గ్రూపులో పడేశాడు. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతుండగానే అత్తగారు చూశారు, ఆడపడుచు చూసింది, తోడికోడలు చూసింది, పెళ్ళిళ్ళలో తప్ప కనపడని చినమామగారు కూడా చూసి దండం బొమ్మ పెట్టారు. చూడనిదల్లా ఆ గర్భసంచి ఎవరిదో ఆ మనిషి ఒక్కతే.

"గ్రూపులో ఎందుకు పెట్టారండీ?" అంది భర్తతో, గొంతు తగ్గించి. పరువు పోయింది ఆమెది, గొంతు తగ్గించాల్సిందీ ఆమే.

"పరాయివాళ్ళెవరున్నారే అందులో? అందరూ మనవాళ్ళేగా," అన్నాడాయన.

"ఒకసారి ఫోనివ్వండి, చూస్తాను."

"ఆగు, అమ్మ చూస్తోంది."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, రిపోర్టును రెండు వేళ్ళతో సాగదీసి చూస్తున్నారు. "పిల్లలకి సెలవులిచ్చాక చేయించేద్దాంలే అమ్మాయ్. ఇప్పుడు నువ్వు పడుకుంటే ఇల్లు నడవద్దూ?" అన్నారు. ఆడపడుచు అప్పటికే తనకు తెలిసిన ఆస్పత్రిలో మాట్లాడేసిందట. ఆమెను చూస్తున్న డాక్టరమ్మ ఆ రిపోర్టు ఇంకా చూడనే లేదు. ఈ ఇంట్లో మాత్రం ఆపరేషను ఖాయమైపోయింది, అదీ వంటకు ఇబ్బంది లేకుండా.

"అయినా నా నంబరిచ్చింది నువ్వేగా? మళ్ళీ నన్నంటావేం?" అన్నాడు భర్త.

ఒళ్ళు మండిపోయింది. నిజమే కాబట్టి ఇంకా మండింది. స్కానింగ్ సెంటరులో అమ్మాయి "నంబరు చెప్పండి మేడం" అనగానే ఆమె నోరు ఆయన నంబరే గడగడా అప్పజెప్పేసింది. తన నంబరు తనకు నోటికి రాదు, చెప్పాలంటే ఫోన్లో వెతుక్కోవాలి. పెళ్ళయిన కొత్తలో అన్నాడాయన, "నువ్వు పనిలో ఉంటే ఫోనెత్తవు, అన్నిటికీ నాదిచ్చెయ్" అని. ఎంత శ్రద్ధో అనుకుని మురిసిపోయింది పిచ్చిది! గ్యాసుకు ఆయన నంబరు, పిల్లల బడికి ఆయన నంబరు, చివరికి ఆమె జీతం పడే ఖాతాకూ ఆయన నంబరే. జీతం పడిన కబురు ముందు ఆయనకే తెలుస్తుంది. ఆమె ఒక జాకెట్టు గుడ్డ కొనుక్కుంటే, కొట్టు మెట్లు దిగకముందే ఫోను: "ఏం కొన్నావ్?" తిట్టడు. నవ్వుతూనే అడుగుతాడు. ఆ నవ్వుకు జవాబు చెప్పుకోలేక ఆమె కొనడమే మానేసింది.

ఇంతకీ ఆమె ఉద్యోగం బ్యాంకులో. కౌంటరు దగ్గర కూర్చుని పొద్దస్తమానం జనానికి జాగ్రత్తలు చెప్పడమే పని.

సోమవారం ఒక పెద్దావిడ కొత్త కార్డు తీసుకోవడానికొచ్చింది. "ఫోనుకు ఓటీపీ వస్తుంది పిన్నిగారూ. ఎవరికీ చెప్పకండి, ఇంట్లోవాళ్ళకి కూడా," అంది ఆమె అలవాటుగా.

"ఇంట్లోవాళ్ళంటే? మొగుడిక్కూడానా?" పెద్దావిడ బోసినోటితో నవ్వింది. "నువ్వు చెప్పవూ మీ ఆయనకి?"

నేను చెప్పడమేమిటి, ఆయనే నాకు చెప్తాడు, అనుకుంది ఆమె. పెద్దావిడ వెళ్ళిపోయినా తర్వాతి మనిషిని పిలవబుద్ధి కాలేదు.

భోజనాల వేళ పక్క సీటు స్నేహితురాలి దగ్గరికెళ్ళి, "నా ఖాతాలో నంబరు మార్చిపెట్టు," అంది. మార్చాలంటే పాత నంబరుకొచ్చే ఓటీపీ కావాలి. భర్తకు ఫోన్ చేసింది.

"ఓటీపీ వచ్చుంటుంది, చెప్తారా?"

"ఎందుకట?"

"బ్యాంకు పనండీ."

ఆయన అంకెలు చదివేశాడు. ఆ పైన రాసున్న ముక్క చదవలేదు. భార్య బ్యాంకు పనిలో చదవదగ్గదేముంటుందనుకున్నాడో ఏమో.

స్కానింగ్ సెంటరుకూ ఫోన్ చేసి నంబరు మార్పించింది. అడిగిన వివరాలన్నీ సరిచూసుకుని రిపోర్టు మళ్ళీ పంపారు. పాత ఫైళ్ళ గదిలో స్టూలు మీద కూర్చుని, తన ఒంటి సంగతి తాను మొదటిసారి చదువుకుంది. ఎవరూ భుజం మీంచి తొంగిచూడలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, రిపోర్టు డాక్టరమ్మకు పంపింది. సాయంత్రానికి ఆవిడే ఫోన్ చేసి, "ఇప్పుడప్పుడే ఆపరేషను అవసరం లేదమ్మా. మందులు వాడి చూద్దాం. చేయించుకోవాల్సొస్తే అప్పుడు నువ్వే ఆలోచించుకుందువుగాని," అన్నారు. నువ్వే అనే మాటను దారంతా లోపల తిప్పుకుంటూ ఇంటికొచ్చింది.

భర్త సోఫాలో కూర్చుని ఫోను నొక్కుతున్నాడు. పక్కనే అత్తగారు, ఎదురుగా ఆడపడుచు.

"డాక్టరమ్మ ఆపరేషను వద్దన్నారు," అంది ఆమె, చెప్పులు విప్పుతూనే.

"ఆవిడకేం తెలుసు? అక్క చెప్పిన ఆస్పత్రిలో తేదీ దొరికింది. నీ కార్డు మీద అడ్వాన్సు కట్టేస్తున్నా," అన్నాడాయన తలెత్తకుండా. కార్డు ఎప్పటిలాగే ఆయన పర్సులోనే ఉంది. కాసేపు చూశాడు. ఫోను తిప్పి చూశాడు. "ఇదేంటి, నాకు ఓటీపీ రాలేదే?"

ఆమె బ్యాగులో ఫోను చిన్నగా మోగింది.

"నీకొచ్చిందా? నీకెందుకొచ్చింది? సరే, చూసి చెప్పు, తొందరగా."

ఆమె ఫోను తీసింది. అంకెలున్నాయి. వాటి కింద, ఇన్నేళ్ళుగా కౌంటరు దగ్గర ఊరందరికీ వల్లించిన ముక్క ఉంది. గొంతు తగ్గించకుండా, అందరికీ వినపడేలా చదివింది:

"దీన్ని ఎవరికీ చెప్పకండి."