కవరు విప్పని కుర్చీ

పొగగొట్టాల మరమ్మతు చేస్తాడు గనుక అందరూ పొగాయన అని పిలిచే మెకానిక్ పికప్ బండి కింద వెల్లకిలా పడుకుని, ఇంజనుకు అంటుకున్న పాత పొగగొట్టం బోల్టులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. నడుము కింద చక్రాల పలక, నోట్లో చిన్న టార్చి. ముందరి బోల్టులన్నీ బుద్ధిగా వచ్చాయి. డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోటికి ఆనుకుని, చెయ్యి దూరీ దూరని సందులో ఉన్న చివరిది మాత్రం స్పానరు తిప్పగానే టక్కుమని తెగింది. తల చేతిలోకి వచ్చింది, మొండెం ఇంజనులోనే ఉండిపోయింది.

ఆ చప్పుడు వినకూడని మనిషి ఒక్కడే ఉన్నాడు షెడ్డులో. వాడే విన్నాడు.

"తెగిందా బావా?" అన్నాడు బావమరిది.

"తెగింది. దాని వయసు దానిది."

"దానిదేనా?"

పొగాయన తెగిన తలను పక్కన పడేశాడు. షెడ్డు బావమరిదిది, కానీ వాడికి స్పానరు పట్టుకోవడం నేర్పింది తనే. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. మొన్న టీ గ్లాసు తొణికి చొక్కా మీద పడితే బావమరిది చూశాడు. నిన్న ఒక కుర్చీ వచ్చి దిగింది. నల్లది, గుండ్రంగా తిరిగేది, చేతులున్నది. "ఇక కింద పడుకోవడం చాలు బావా. గల్లాపెట్టె పక్కన రాజాలా కూర్చో, వచ్చినవాళ్లతో మాట్లాడు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, కాదనలేం. అయినా పొగాయనకు ఒళ్లు మండిపోయింది. చేతులకు పనిలేకుండా నోటికి జీతమా? కుర్చీకున్న ప్లాస్టిక్ కవరును కూడా ఆయన ముట్టుకోలేదు.

బండి ఇంటింటికీ నీళ్ల డబ్బాలు వేసే ఆమెది. ఇంజను దగ్గర గొట్టం బీటలిచ్చి పొగ లోపలికి కొడుతోందనీ, బడి వదిలాక తనతో తిరిగే కూతురు తలనొప్పి అంటోందనీ వారం కిందట వచ్చి చెప్పింది. కంపెనీ సామాను కొనే శక్తి లేదు. అందుకని ఇంజనుకు బిగించే బయటి తయారీ హెడ్డరు గొట్టం, పొగలోని విషాన్ని విరిచే కన్వర్టర్ డబ్బా తెప్పించారు. రెండూ అట్టపెట్టెల్లో మెరుస్తున్నాయి.

బావమరిది వంగి బండి కిందికి చూశాడు. "మిగతా బోల్టులన్నీ గట్టిగానే పట్టుకుంటాయిగా. ఆ చివర సందు మూసే పేస్టు పూసి బిగించెయ్. ఎవరు చూడొచ్చారు?"

"పేస్టు నెల్లాళ్లు ఉంటుంది. పిల్ల రోజూ ఉంటుంది అందులో. మొండేనికి నట్టు వెల్డు చేసి బయటికి తీస్తా."

"నీ చేత్తో ఆ సందులో వెల్డింగా? ఇంజను తలకే బొక్క పెడతావ్ బావా!"

"పెడితే రేపు నీ కుర్చీలో కూర్చుంటా. పెట్టకపోతే దాని మాట ఎత్తకు."

మాట పెదవి దాటింది, ఇక చెయ్యి దాన్ని నిలబెట్టాలి.

బ్యాటరీ తీగ ఊడదీశాడు. ముఖానికి ముసుగు వేసుకుని, కుడి మణికట్టును ఎడంచేత్తో పట్టి, మోచేతిని బండి చట్రానికి అదిమిపెట్టాడు. తెగిన మొండెం మీద నట్టు పెట్టి, దాని కన్నంలోంచి వెల్డింగు పోశాడు. తిప్పితే నట్టు ఊడి వచ్చింది. ఇంకోటి పెట్టాడు. అదీ ఊడింది. చెమట కళ్లల్లోకి కారింది. చెయ్యి వణుకుతూనే ఉంది, దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం భార్య అన్నం క్యారేజీతో వచ్చింది. తమ్ముడు పరుగున ఎదురెళ్లాడు.

"అక్కా, నువ్వైనా చెప్పు. ఈయన మొండిపట్టుతో నేను వేగలేను. చూడు, ఎంత మంచి కుర్చీ తెచ్చానో!"

ఆమె కుర్చీ చుట్టూ తిరిగి, కవరు మీద నుంచే దిండును నొక్కి చూసింది. "బాగుందిరా. నువ్వే కూర్చో."

క్యారేజీ అక్కడ పెట్టి బండి దగ్గర చతికిలపడింది. "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది."

"ఇనుము చల్లారితే కష్టం. అన్నం చల్లారితే తినొచ్చు."

అప్పుడే మరో నట్టు అతికింది. ఎర్రగా కాలుతుండగానే కొవ్వొత్తి ముక్క తాకించాడు. మైనం కరిగి బోల్టు చుట్ల సందుల్లోకి పాకింది. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మొండి పిల్లాణ్ణి బుజ్జగించినట్టు తిప్పాడు. కీచుమంది. కదిలింది. పట్టకారుతో తిప్పుతూ లాగితే పొగలు కక్కుతూ మొత్తం ఊడి వచ్చింది. ఇంజను మీద గీత పడలేదు.

పొగాయన పలక మీద దొర్లుతూ బయటికొచ్చాడు.

"ఏది బావా, ఇటివ్వు!" బావమరిది చెయ్యి చాపాడు.

"కాలుతుంది. ఇదుగో, దీన్ని కూర్చోబెడుతున్నా." పట్టకారు విప్పి ఆ ముక్కను కుర్చీలో పడేశాడు.

తర్వాతి పనంతా నల్లేరు మీద బండి నడక. అతుకులోంచి పొగ కారకుండా కొత్త గ్యాస్కెట్టు, దాని మీద హెడ్డరు, బాణం గుర్తు వెనక్కి ఉండేలా కన్వర్టర్. గొట్టం ఎక్కడా లాగకుండా తనంత తాను సర్దుకునేదాకా ఏ బోల్టూ బిగించలేదు. అన్నీ కుదిరాక బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, ఇంజను వేయించి, పొగ వెనక్కి తన్నేలా చివరి గొట్టంలో తడిగుడ్డ కుక్కి, ప్రతి అతుకు దగ్గరా అరచెయ్యి పెట్టి చూశాడు. చివరి బోల్టు దగ్గర ఎక్కువసేపు ఉంచాడు. ఊపిరంత గాలి కూడా తగల్లేదు. గుడ్డ లాగేసి నవ్వాడు.

"పిల్లను ఎక్కించుకో తల్లీ" అన్నాడు, కూతురితో బండి కోసం వచ్చిన నీళ్ల డబ్బాల ఆమెతో.

బావమరిది దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "ఒప్పుకున్నా బావా. ఈసారికి గట్టెక్కావ్. ఎన్నాళ్లని? రేపట్నించి మాత్రం..."

"మాట ఎత్తకన్నానా!"

పొగాయన చేతులు కడుక్కున్నాడు. చక్రాల పలక తను సొంతంగా చేసుకున్నది, దాన్ని పికప్ వెనక పడేశాడు. పక్కన పట్టకారు పెట్టాడు.

"ఇదేంటి బావా? ఎక్కడికి?"

"మా ఇంటి ముందు రేకుల కింద జాగా ఉంది. చెయ్యి వణికితే వణకనీ, పని ఆగదు."

భార్య అప్పటికే ముందు సీట్లో పిల్ల పక్కన సర్దుకుని కూర్చుంది. పొగాయన వెనక ఎక్కగానే నీళ్ల డబ్బాల ఆమె బండి కదిలించింది. దాని చప్పుడు మెత్తగా మలుపు తిరిగింది, కాసేపటికి వినిపించలేదు.

బావమరిదికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏం చేయాలో తోచక కుర్చీ దగ్గరికెళ్లి ఆ బోల్టు ముక్క తీయబోయాడు. ప్లాస్టిక్ కవరును కరిగించుకుని, దిండులోకి దిగి, చల్లారి అక్కడే బిగుసుకుపోయి ఉంది. లాగితే రాలేదు.