మొక్కల్లేని ఇంట్లో పూలకుండీ

బావని మునగచెట్టు ఎక్కించడానికి పిచ్చుక పెద్దగా కష్టపడలేదు. సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడిపే మనిషి, తనని మించిన తెలివైనవాడు ఈ భూమ్మీద పుట్టలేదని ఆయనగారి గట్టి నమ్మకం. "బావా, మేమో యాప్ చేశాం. ఫోన్లో ఎక్కడ దాచామో మా ఆఫీసులో ఒక్కడూ కనిపెట్టలేకపోతున్నాడు. నీలాంటివాడు పట్టుకుంటే గానీ తేలదు" అని ఓ మాట వేసిందో లేదో, మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సెంటు కొట్టుకుని ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు.

పిచ్చుక అతని పెళ్ళాం చెల్లెలు. సన్నగా ఉంటుందని ఇంట్లో పెట్టిన ముద్దుపేరది. యాప్‌లు ఎలా కనపడాలో, ఏ మీట ఎక్కడుండాలో గీసే డిజైనరు. ఈసారి ఆమె గీసింది, మొగుడి చేత తన్నులు తింటున్న ఆడవాళ్ళ కోసం. పైకి చూస్తే మొక్కలకి ఏ రోజు నీళ్ళు పొయ్యాలో గుర్తుచేసే యాప్, పూలకుండీ బొమ్మతో ముచ్చటగా ఉంటుంది. ఆ కుండీ మీద వేలు నొక్కిపట్టి అంకెలు కొడితే లోపలి గది తెరుచుకుంటుంది. కమిలిన చోట్ల ఫొటోలు, తిట్ల రికార్డింగులు అందులో దాచుకోవచ్చు. అక్కడినుంచే లాయరుకి కబురూ పెట్టొచ్చు. దాన్ని అందరికంటే ముందు పెట్టింది సొంత అక్క ఫోన్లోనే.

అక్క చెయ్యి విరిగినప్పుడు బాత్రూంలో జారిందన్నాడు బావ. అత్తగారూ అదే అంది, చుట్టాలూ అదే అన్నారు. ఆఖరికి అక్క కూడా డాక్టరు ముందు తలొంచుకుని అదే చెప్పింది. ఆస్పత్రి వరండాలో బావ చిప్స్ ప్యాకెట్టు చింపుకుని కరకరా నములుతూ కూర్చున్నాడు. అది చూసి పిచ్చుకకి కడుపు రగిలిపోయింది. ఉండు నాయనా, నిన్ను నీ నోటితోనే పట్టిస్తాను, అనుకుంది ఆ రోజే.

అక్క బయటపడదామంటే దారేదీ? హాల్లో కెమెరా బిగించాడు ఆ మహానుభావుడు. ఆమె గుమ్మం దాటితే చాలు, షాపులో ఇతగాడి ఫోను గణగణా మోగుతుంది. కాఫీ తాగేంతలో వచ్చి వాలతాడు. అక్కనీ ఆమె పాపనీ ఆ ఇంట్లోంచి కదిలించాలంటే ముందు వాడి చేతిలోంచి ఆ ఫోను ఊడాలి. పిచ్చుక వాళ్ళ ఆఫీసులో ఓ రూలుంది. బయటికి రాని యాప్‌ని ఎవరూ ఫొటో తియ్యకుండా, పరీక్షకి వచ్చినవాళ్ళు తమ ఫోను రిసెప్షన్‌లో ఇచ్చి లోపలికి రావాలి. ఆ రూలు పెట్టినవాడెవడో, వాడి కడుపు చల్లగుండ!

బావ నవ్వుతూ ఫోనిచ్చేశాడు. అక్క ఆ యాప్‌లోంచి కబురు పెట్టిన లాయరమ్మ కారు అప్పటికే అక్క ఇంటి వీధి మలుపులో ఆగి ఉంది. పాప ఆ రోజు బడికి పోలేదు. వాళ్ళు దూరం వెళ్ళిపోయామని కబురు పెట్టాక రిసెప్షన్ ఆవిడ టీ పట్టుకుని లోపలికి రావాలి, అదీ గుర్తు. టీ వచ్చేదాకా బావని కుర్చీలోంచి లేవనివ్వకూడదు.

"మా దగ్గర ఓ పద్ధతుంది బావా. చేస్తున్నంతసేపూ మనసులో ఏమనుకుంటే అది పైకి అనేస్తుండాలి. ఇదంతా రికార్డవుతుంది, నీకు సమ్మతమేనా?" అని అడిగింది, మర్యాద ఒలకబోస్తూ.

"భేషుగ్గా చేసుకో. మీవాళ్ళందరికీ చూపించుకో. కుర్రకుంకలు నేర్చుకుంటారు" అన్నాడు ఎదురుగా బిగించిన కెమెరాలోకి చూసి, మీసం దువ్వుకుంటూ.

పిచ్చుక ఆఫీసు ఫోను ఒకటి అతని ముందుకి జరిపింది. "అయితే ఈ ఫోను మీ ఇంట్లోవాళ్ళదే అనుకో. వాళ్ళు నీకు తెలియకుండా ఇందులో ఏదో దాచారు."

"ఆఁ, మా ఇంట్లో అంత ధైర్యం ఎవరికుందిలే." మొదలుపెట్టాడు. అబ్బో, ఆ చేతివాటం చూడాలి! "ముందు కాల్స్ చూస్తా. తర్వాత చెరిపేసిన ఫొటోలు. మీ అక్కకి చెరిపేస్తే పోతాయనుకునే అమాయకత్వం ఉండేది, నేనే వదలగొట్టాను." కిసుక్కున నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వినట్టు మొహం పెట్టింది.

వాడు వేళ్ళతో తోసుకుంటూ పోయి, ఏ యాప్ ఎంత జాగా తింటోందో చూపించే చోట ఆగాడు.

"ఇదేంటి? మొక్కలకి నీళ్ళు పొయ్యమని చెప్పడానికి ఇంత జాగా ఎందుకే దీనికి? పట్టేశాను మరదలా! ఇదే మీ దొంగ!"

ఇన్ని నెలలు గొడ్డుచాకిరీ చేసి దాచినదాన్ని ఈ దరిద్రుడు ఇట్టే లాగేశాడు. ఇంకా టీ రాలేదు.

బావ చప్పట్లు కొట్టుకోబోయి ఆగిపోయాడు. కుండీ బొమ్మకేసి చూస్తుండిపోయాడు. పద్ధతి ప్రకారం పైకే అన్నాడు, నెమ్మదిగా. "ఈ కుండీ... మీ అక్క ఫోన్లో కూడా ఉంది. మా ఇంట్లో ఒక్క మొక్క లేదే."

ఓరి దేవుడా! రంగులు సరిచూసింది, అక్షరాల సైజు సరిచూసింది, కుండీలో పువ్వు విచ్చుకునే తీరుని పదిసార్లు మార్చింది. పెట్టుకునే మనిషి ఇంట్లో మొక్క ఉందా లేదా అన్నది మాత్రం బుర్రకి తట్టలేదు. తనని తాను చెంపమీద కొట్టుకోవాలనిపించింది పిచ్చుకకి.

"నా ఫోనివ్వు" అన్నాడు బావ, లేస్తూ.

ఇప్పుడు వీణ్ణి వదిలితే అక్క మెట్ల మీదే దొరికిపోతుంది. ఆలోచించే వ్యవధి లేదు. పిచ్చుక కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వింది.

"ఓస్, ఇంతేనా? తలుపు కనిపెట్టావు, తాళం తియ్యలేక పారిపోతున్నావు. మావాళ్ళు అప్పుడే అన్నారు, రిపేరు షాపువాడి వల్ల ఏమవుతుందని."

వాడి మొహం జేవురించింది. మళ్ళీ కూలబడి, కుండీని పొడిచాడు, గీకాడు, తోచిన అంకెలన్నీ కొట్టాడు. ఊహూఁ, తెరుచుకోలేదు. ఫోను బల్లకేసి కొట్టాడు.

"అంకెలు నీ అక్కే చెబుతుంది. ఇంటికెళ్ళి రెండో చెయ్యి కూడా మెలిపెడితే అదే కక్కుతుంది!"

"రెండోదేంటి బావా? మొదటిది బాత్రూంలో జారి విరిగిందన్నావుగా."

"నేనే విరిచాను! ఫోను చూపించనన్నందుకు విరిచాను. ఏం చేస్తావే? నువ్వూ నీ అక్కా కలిసి ఏం పీకుతారు?"

తలుపు తెరుచుకుంది. రిసెప్షన్ ఆవిడ ట్రేలో టీ తెచ్చింది, పక్కనే బావ ఫోను. "సార్, ఇది ఒకటే మోగుతోంది" అంది, పాపం ఏమీ ఎరగనట్టు. ఆవిడ వెనకాల గుమ్మంలో సెక్యూరిటీ అతను వచ్చి నిలబడ్డాడు.

బావ ఫోను లాక్కున్నాడు. తెరమీద వాళ్ళ హాలు కనిపించింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. మేకుకి పాప బ్యాగు లేదు. కెమెరాలోంచి మాట్లాడే మీట నొక్కి "ఏమే! ఎక్కడ చచ్చావే!" అని అరిచాడు. ఆ అరుపు ఖాళీ ఇంట్లో మోగి, తిరిగి ఆ ఫోన్లోంచే వాడికి వినిపించింది. పెళ్ళానికి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"మరదలా... పాప ఏది? పాపనెక్కడికి తీసుకెళ్ళారు?" అన్నాడు. గొంతు వణికింది.

"టీ చల్లారుతుంది, తాగు" అంది పిచ్చుక. ఆ మాట అంటుంటే దాని ఒంట్లో ప్రతి ఎముకా హాయిగా నిట్టూర్చింది. దాచడమెందుకు, దానికి జాలి ఆవగింజంత కూడా కలగలేదు.

సాయంత్రం లాయరమ్మ తీసుకెళ్ళిన చోట అక్కని చూసింది. ఆ ఇల్లెక్కడో ఎవరికీ చెప్పకూడదని ముందే ఒట్టు వేయించుకున్నారు. పాప మంచమ్మీద బొమ్మలు గీసుకుంటోంది. రికార్డింగు పోలీసులకీ కోర్టుకీ తప్ప ఎక్కడికీ పోకూడదని లాయరమ్మ మరీ మరీ చెప్పింది. చేసినవాడే తన నోటితో అన్న మాట ఇంత స్పష్టంగా దొరకడం తన అనుభవంలో లేదంది కూడా.

"నాకు వినిపించు" అంది అక్క.

ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టి వినిపించింది పిచ్చుక. "నేనే విరిచాను" అన్నచోట అక్క తన మణికట్టు పట్టుకుంది. "నేను జారలేదు" అంది, ఎవరో కాదని వాదిస్తున్నట్టు. "ఇన్నాళ్ళూ అందరూ అంటుంటే, నిజంగానే జారానేమో అనుకున్నానే."

చివరిదాకా విన్నాక "వెనక్కి తిప్పు" అంది.

"ఎక్కడికి? విరిచానని ఒప్పుకున్న చోటికా?"

"అది జడ్జిగారు వింటార్లే." అక్క కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుణ్ణి 'ఆయన' అనలేదు. "వాడు వణికాడే, అక్కడ పెట్టు."