ఫోను ముందు ఎవరు పెట్టాలి

శనివారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోని ఆ రైల్వే క్వార్టర్లో కుక్కర్ కూత వెయ్యకూడదు. డాక్టరు చదువు నేర్పే పంతుళ్ళందరూ ఆ వేళకి ల్యాప్‌టాప్ తెర మీద కూడతారు. కరోనా వచ్చి కాలేజీలు మూసేశాక ఎవరికి తోచిన ఉపాయం వాళ్ళు అక్కడ చెప్పుకుంటున్నారు. ఒకాయన అరటితొక్క మీద కుట్లు వెయ్యడం నేర్పించాడు. చిలకమ్మ తలుపు వారనుంచి అన్నీ చూస్తూనే ఉంటుంది.

ఈ వారం వంతు ఆమె కోడలు వాసంతిది. కలకత్తాలో వైద్య కాలేజీలో పాఠాలు చెబుతుంది. తనకీ జ్వరం వచ్చి తగ్గి, దగ్గు వదలక అత్తింట్లోనే ఉండిపోయింది. సోమవారం నుంచి ఆమె విద్యార్థులు కరోనా వార్డు నుంచి రోగుల ఇళ్ళకు ఫోన్ చేసి కబురు చెప్పాలి. ముందుగా ఉత్తుత్తి ఫోన్లతో సాధన చేయించాలని ఆమె పట్టు. ఈ సభ మెచ్చితేనే కాలేజీ ఒప్పుకుంటుంది. లేదంటే చేతిలో కాగితం పెట్టి చదివెయ్యమంటారు.

తీరా, రోగి తల్లిగా మాట్లాడతానన్నావిడకి ఆ ఉదయమే జ్వరం.

"అత్తా, నువ్వు కూర్చోవా?"

"నానా? ఓలమ్మీ, నాకు నాటకాలేటి తెలుసే?"

"నీ కొడుక్కి ఒంట్లో బాగోలేదనుకో, అంతే."

"అపసకునం మాటలాడకు. ఫణి డూటీ మీదున్నాడు."

"సరే, పూరీ గేట్ పేటలో ఉండే ఎవరి కొడుకో అనుకో."

"ఎవులి కొడుకైనా కొడుకే కదే" అంటూనే చిలకమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చి కూర్చుంది. పోయినేడు భర్త దేముడిని ఆస్పత్రికి తీసుకెళ్ళాక, ఆయన పోయాడని ఎవరిదో గొంతు రెండు ముక్కల్లో చెప్పి ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచీ ఫోన్ మోగితే ఆమె తియ్యదు, కోడలే తియ్యాలి. ఇప్పుడు ఏడిస్తే కోడలి పరువేం కాను?

హాస్టల్ నుంచి సాహిత్య అనే విద్యార్థిని ఫోన్ చేసింది. ఇద్దరూ తెర మీద అందరికీ కనబడుతున్నారు.

"అమ్మా, మీ అబ్బాయికి ఆక్సిజన్ కొంచెం తగ్గింది. మందులిస్తున్నాం. రేపు మళ్ళీ చేస్తాం." పెట్టేసింది.

"క్లుప్తంగా ఉంది, బాగుంది" అన్నారు సభ నడిపే దినకర్‌గారు.

చిలకమ్మ ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉంది.

"అత్తా, అయిపోయింది."

"ఆ పిల్లకి అయిపోనాది. నాకింకా అవనేదే."

ఎవరో నవ్వారు. వాసంతి మొహం ఎర్రబడింది.

"ఇంకా ఏం అడగాలమ్మా?" అన్నారు దినకర్.

"ఏటడగాలో నాకూ తెల్దు బాబూ. మావోల్లెక్కిన బండి కదిలితే, ఎనకున్న గార్డు పెట్టె దాటిపోయేదాకా మేం పేటుఫారం ఒగ్గం. ఈ పిల్ల బండి కదలకముందే ఇంటికెల్లిపోనాది."

"బోలెడు ఇళ్ళకి చెయ్యాలి కదమ్మా. అందరూ అలా పట్టుక్కూర్చుంటే?"

వాసంతి గొంతు సర్దుకుంది. "ఒక్కసారి చూద్దాం సార్. సాహిత్యా, మళ్ళీ చెయ్యి. ఈసారి నువ్వు పెట్టకు. అత్తే పెట్టాలి."

మళ్ళీ అవే మాటలు. ఈసారి సాహిత్య ఫోను పెట్టెయ్యలేదు. చిలకమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఏటైనా తిన్నాడేటమ్మా?"

అది విద్యార్థినికిచ్చిన కాగితంలో లేదు. సాహిత్య తడుముకుంది. "రెండు చెంచాలు పెరుగన్నం తిన్నాడమ్మా."

"ఠీక్ హై. నువ్వూ తిను తల్లీ." చిలకమ్మే పెట్టేసింది. ఏడుపు రాలేదు.

దినకర్‌గారు గడియారం చూసుకుని అన్నారు. "ఎక్కువసేపేం పట్టలేదు. అయితే ఫోన్ చేసేముందే రోగి తిన్నాడా లేదా నర్సుని అడిగి పెట్టుకోవాలి. సాధన చేయించండి వాసంతీ. మీ కాలేజీకి నేను చెబుతాను."

ఆదివారం చిలకమ్మ ఆ పిల్లలందరికీ తల్లయింది. ఒకడు ముందే ఏడ్చేస్తే, "నువ్వే ఏడిస్తే నానేటి సెయ్యాలిరా?" అని కసిరింది.

సోమవారం సాయంత్రం సాహిత్య ఫోన్ చేసింది. వాసంతి స్పీకర్ పెట్టింది.

"మొదట ఒక పెద్దాయనకి చేశాను మేడమ్, వాళ్ళావిడ మా వార్డులో ఉంది. కబురు విని ఏం మాట్లాడలేదు. నేను పెట్టలేదు. చివరికి, 'మా ఆవిడ కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయిందమ్మా, అది లేకపోతే బెదిరిపోతుంది' అన్నారు. ఆస్పత్రి గేటు దగ్గర ఇమ్మన్నాను."

"ఇచ్చినాడేటి?" వంటింట్లోంచి చిలకమ్మ అరిచింది.

"ఇచ్చారమ్మా. ఆవిడ పెట్టుకుని, మొహం కనబడదని నా గౌను మీద రాసుకున్న పేరు కూడబలుక్కుని చదివింది. పొద్దుట్నుంచీ ఏమీ ముట్టనిది, తర్వాత ఇడ్లీ పెట్టమంది."